జామీను నిలిచిన చంద్రుడు



జోడేఘాట్ పౌర్ణమికి వెలువడే ఈ సంచికకు ఏం రాస్తారని అడిగితే, చంద్రుడి మీద రాస్తామన్నాం. అడిగినవాళ్ళు నవ్వారు. పోరాటం మీద, భూమి చట్టాల మీద, భాష మీద రాయాల్సిన చోట చంద్రుడేంటి అన్నారు. ఆ మూడింటికీ చంద్రుడితో లెక్క ఉంది. ఆ లెక్క మాకు తెలిసింది ఒక వానరాత్రి, చూద్దామని వెళ్ళింది సరిగ్గా చూడలేకపోయిన రాత్రి.

2018 జులై 27 రాత్రి. తెల్లవారితే 28. ఆషాఢ పౌర్ణమి, మావాళ్ళకు అకాడి నెల. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం అని పేపర్లన్నీ రాశాయి. చంద్రుడు పూర్తిగా నీడలో ఉండే సమయం 103 నిమిషాలు, ఈ శతాబ్దంలోకెల్లా పొడవైన గ్రహణం. రాత్రి 11 గంటల 54 నిమిషాలకు నీడ అంచు తాకుతుంది, 1 గంటకు మొత్తం మునుగుతుంది, 2 గంటల 43 నిమిషాలకు బయటపడడం మొదలవుతుంది, 3 గంటల 49 నిమిషాలకు పూర్తిగా విడుస్తుంది. ఈ అంకెలు మేము ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. అప్పటికి మాలో కొందరు డిగ్రీ చదువుతున్నారు, ఇద్దరు ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెబుతున్నారు, ఒకడు ఆటో నడుపుతున్నాడు. పదకొండు మందిమి కెరమెరి వైపు ఒక గుట్ట ఎక్కాం. గొడుగులు నాలుగు, గొంగళ్ళు ఆరు, బైనాక్యులర్ ఒకటి. అది కూడా అరువు తెచ్చిందే.

అరువు అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

జులైలో ఆదిలాబాద్ అడవి మీద గ్రహణం చూడాలనుకోవడం తెలివైన పని కాదు. మాకు తెలుసు. అయినా వెళ్ళాం. గుట్ట ఎక్కేసరికి చంద్రుడు నిండుగా ఉన్నాడు, టేకు ఆకుల మీద వెన్నెల పడి తళతళమంటోంది. పన్నెండు కొట్టే వేళకు ఎడమ అంచున ఎవరో మసి వేలితో తాకినట్టు నల్లబడింది. ఒకడు లేచి కేకేశాడు. ఆ కేక ముగిసేలోపే దక్షిణం నుంచి మబ్బు వచ్చి మూసేసింది. ఆ తరువాత రెండు గంటలు మేము చూసింది మబ్బునే.

నిప్పు రాజేసుకుని కూర్చున్నాం. మాతో ఒక పెద్దాయన వచ్చాడు. మాలో ఒకరికి తాత వరస, కాబట్టి అందరికీ తాతే. దారి చూపించడానికి వచ్చాడు, మేము దిగేదాకా ఉంటానన్నాడు. మేము ఫోన్లలో హైదరాబాద్‌లో కనిపిస్తోందా, నాగపూర్‌లో కనిపిస్తోందా అని వెతుకుతుంటే సిగ్నల్ రావడం లేదు. ఆయన చుట్ట వెలిగించుకుని గోండీలో అడిగాడు: "మీరు చూడ్డానికి వచ్చిండ్రా, విడిపించడానికి వచ్చిండ్రా?"

ఎవరిని తాతా అన్నాం. నెలెంజ్‌ని అన్నాడు.

ఆయన చెప్పిన కథ ఇది. పూర్వం పెద్ద కరువొచ్చింది. గూడెంలో విత్తనానికి కూడా గింజ మిగల్లేదు. గింజ ఉన్నవాడి దగ్గరికి మనుషులు పోయారు. మీరు తిరిగి ఇస్తారని నమ్మకమేంటి, జామీను ఎవరు అని వాడు అడిగాడు. భూమి మీద జామీను ఉండడానికి ఎవరూ ముందుకు రాలేదు. పైనున్న చంద్రుడు జాలిపడి, నేనుంటాను అన్నాడు. మనుషులు గింజ తెచ్చుకున్నారు, చల్లుకున్నారు, తిన్నారు, బతికారు. అప్పు మాత్రం తీరలేదు. ఇచ్చినవాడు మనుషుల్ని వదిలేసి జామీను నిలిచినవాణ్ణి పట్టుకున్నాడు. అప్పుడప్పుడూ వచ్చి గల్లా పట్టి కూర్చుంటాడు. కింద మనుషులు చేటలో గింజలు పోసి వాకిట్లో పెడితే, ఇంత ముట్టింది కదా అని ఆ పూటకు వదిలిపెడతాడు. అంతే కథ. తాత చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించుకున్నాడు.

మేము నవ్వామని ఒప్పుకోవాలి. మాలో పాఠాలు చెప్పే అన్న ఓపికగా వివరించాడు: సూర్యుడికీ చంద్రుడికీ మధ్య భూమి వస్తుంది తాతా, మన నీడే పోయి దాని మీద పడుతుంది. ఆ దూరంలో భూమి నీడ చంద్రుడి వెడల్పుకు రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది. ఇవాళ చంద్రుడు ఆ నీడ నడిమి నుంచి పోతున్నాడు, పైగా భూమికి దూరంగా ఉన్నాడు కాబట్టి మెల్లగా నడుస్తున్నాడు, అందుకే ఇంతసేపు. తాత శ్రద్ధగా విన్నాడు. తరువాత ఒకటే మాటన్నాడు: "మన నీడే గదా. అయితే అప్పు మనదే గదా."

దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ కథ ఆ తాత ఒక్కడిదే అనుకున్నాం. కాదు. వెరియర్ ఎల్విన్ 1949లో అచ్చువేసిన 'మిత్స్ ఆఫ్ మిడిల్ ఇండియా'లో గ్రహణాల కథలు బోలెడు ఉన్నాయి. మధ్య భారతపు ఆదివాసుల్లో చాలా చోట్ల ఆ కథల నడుమ ఉన్నది రాక్షసుడూ కాదు, పామూ కాదు, అప్పు. ఒక చోట సూర్యచంద్రులే అప్పు చేస్తారు, ఇంకో చోట పేదల కోసం జామీను నిలుస్తారు. అప్పిచ్చినవాడు ఎవరన్నది ఊరికో రకం. గ్రహణం విడిచే వేళ గింజల దానం అడగడానికి హక్కున్న కులాలు మహారాష్ట్ర వైపు ఉండేవి. వాళ్ళకు పెట్టేది చంద్రుడి అప్పులో కంతు కట్టినట్టు లెక్క.

రాహువు కథ మనందరికీ తెలుసు. అమృతం దొంగతనంగా తాగితే తల తెగింది, ఆ పగతో మింగుతాడు. అది దేవతల ఇంటి గొడవ. మనుషులకు అందులో పాత్ర లేదు, స్నానం చేసి తలుపేసుకుని కూర్చోవడమే. మన కథలో మనుషులు తలుపు తీసి బయటికొస్తారు, ఎందుకంటే ఆయన ఇరుక్కున్నది వాళ్ళ వల్లే. ఈ తేడా ఎందుకొచ్చిందో మేము చాలా రోజులు మాట్లాడుకున్నాం. ఇది మా ఊహ, ఒప్పుకోకపోతే వాదించండి: కథ చెప్పేవాడికి తెలిసిన భయమే కథలోకి వస్తుంది. అడవిలో పులి ఉంది, పాము ఉంది. వాటితో ఎట్లా బతకాలో మనవాళ్ళకు తెలుసు. తెలియనిది కాగితం మీద వేలిముద్ర, ఏళ్ళు గడిచినా తీరని వడ్డీ, తండ్రి చనిపోతే కొడుకును వచ్చి పట్టుకునే మనిషి.

నిజాం రాజ్యంలో దాని పేరు భగేలా. తీసుకున్న కాస్త అప్పుకు మనిషి జీతం ఉండాలి. వడ్డీ పోను అసలు ఎప్పటికీ అట్లాగే ఉంటుంది, కాబట్టి కొడుకూ ఉండాలి. ప్రభుత్వమే 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన తేవాల్సి వచ్చింది. కాగితం మీద తెచ్చింది. కొన్నేళ్ళకు హైమెన్‌డార్ఫ్ వచ్చి తిరిగి చూస్తే భగేలాలు ఉన్నచోటే ఉన్నారు. ఆయన నివేదికలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో వచ్చాయి. గోదావరికి అవతల, మద్రాసు రాజ్యంలోని ఏజెన్సీలో, 1917లోనే ఒక చట్టం చేశారు. దాని పేరులోనే వడ్డీ, భూమి బదిలీ అన్న రెండు మాటలూ పక్కపక్కన ఉంటాయి. చేసినవాళ్ళకు తెలుసు, వడ్డీ మొదలైతే భూమి దగ్గర ఆగుతుందని. ఇవాళ మనం 1/70 అని పిలుచుకునేది ఆ తీగ చివరి కొస. 1959లో వచ్చిన నిబంధనను 1970లో గట్టిపరిచారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నారు. అది ఎంతవరకు ఆగిందో మీ మీ ఊళ్ళలో మీకే తెలుసు.

గ్రహణం నాడు రాజులు కూడా దానాలిచ్చారు. మన తెలుగు, కన్నడ శాసనాల్లో 'సోమగ్రహణ నిమిత్తం' అంటూ ఊళ్ళకు ఊళ్ళు, పొలాలకు పొలాలు ధారపోసినట్టు కనిపిస్తుంది. చరిత్రకారులకు అది పెద్ద వరం. రాజు పేరు, సంవత్సరం పేరు తప్పుపోవచ్చు కానీ గ్రహణం తప్పుపోదు. శాసనంలో చెప్పిన నెలలో నిజంగా గ్రహణం పట్టిందా లేదా అన్నది వెనక్కి లెక్కకట్టి తేల్చవచ్చు. రాబర్ట్ సీవెల్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి 1898లో భారతదేశపు చంద్రగ్రహణాల పట్టికలే పుస్తకంగా వేశాడు. ఆ తరువాత 1922లో స్వామికన్ను పిళ్ళై 'ఇండియన్ ఎఫిమెరిస్' వచ్చింది. ఇవాళ్టికీ శాసనం తేదీ తేల్చాలంటే దాన్నే తిరగేస్తారు. కానీ ఆ రాగిరేకుల్లో ఉన్న దానం, చేటలో పోసిన గింజల దానం ఒకటి కావు. ఒకటి పుణ్యానికి, ఇంకొకటి బాకీకి. మొదటిదానికి రేకు ఉంది. రెండోదాన్ని పొద్దున్నే కోళ్ళు తినేశాయి.

గుట్ట మీదికి వద్దాం. ఒంటిగంట దాటింది, మబ్బు కదల్లేదు. చినుకులు పడ్డాయి. ఇద్దరు నిద్రపోయారు. పాఠాలు చెప్పే అన్న అప్పుడు ఒక పాత పాఠం గుర్తుచేశాడు. మీలో చాలామంది చదివే ఉంటారు, ఏదో ఒక కథల పుస్తకంలో: కొలంబస్ చంద్రుణ్ణి మాయం చేసిన కథ.

1503 జూన్‌లో కొలంబస్ నాలుగో యాత్రలో ఉన్నాడు. పురుగు తొలిచిన రెండు ఓడలు జమైకా తీరంలో ఇసుకకెక్కాయి. అక్కడివాళ్ళు తైనో ప్రజలు. నెలల తరబడి వాళ్ళే అన్నం పెట్టారు, ఈయన మనుషులు పూసలు, గంటల్లాంటివి ఇచ్చారు. కొంతకాలానికి ఓడవాళ్ళలో సగం మంది తిరగబడి ఊళ్ళ మీద పడి దోచుకున్నారు. తైనోలు తిండి తగ్గించారు. కొలంబస్ దగ్గర రెజియోమాంటనస్ అనే జర్మన్ గణితజ్ఞుడు కట్టిన పంచాంగం ఉంది. 1504 ఫిబ్రవరి 29 సాయంత్రం చంద్రగ్రహణం అని అందులో ఉంది. ఆయన పెద్దలను పిలిచి, మీరు తిండి పెట్టడం లేదని మా దేవుడికి కోపం వచ్చింది, చంద్రుణ్ణి ఎర్రగా చేసి చూపిస్తాడు అన్నాడు. చంద్రుడు ఎర్రబడ్డాడు. ప్రజలు ఏడ్చారట, తిండి తెచ్చారట. ఆయన గదిలోకి పోయి ఇసుక గడియారం చూసుకుని, విడిచే వేళకు బయటికొచ్చి, దేవుడు క్షమించాడన్నాడట.

'అట' అని ఎందుకన్నామంటే, ఈ కథ మనకు చెప్పింది కొలంబస్ కొడుకు, ఇంకొకరు ఆయన అనుచరుడు. తైనోలు చెప్పింది లేదు. 1509లో స్పెయిన్‌వాళ్ళు జమైకాలో స్థిరపడ్డారు. వెట్టి చాకిరీ, కొత్త రోగాలు, కొన్ని దశాబ్దాల్లో చెప్పడానికి మనుషులే కరువయ్యారు. ఆ రాత్రి వాళ్ళు ఎందుకు ఏడ్చారో, అసలు ఏడ్చారో లేదో, తిండి భయంతో తెచ్చారో, పిచ్చివాళ్ళతో గొడవెందుకని తెచ్చారో అడిగినవాళ్ళు లేరు. కథ మాత్రం ఊళ్ళు తిరిగింది. రైడర్ హాగర్డ్ 1885లో 'కింగ్ సాలమన్స్ మైన్స్'లో ఆఫ్రికావాళ్ళను ఇట్లాగే గ్రహణంతో భయపెట్టించాడు. మొదట సూర్యగ్రహణమని రాసి, తరువాతి ముద్రణల్లో చంద్రగ్రహణంగా మార్చుకున్నాడు. గ్రహణం గురించి సరిగ్గా తెలియనివాడు ఎవరో చూడండి. మార్క్ ట్వేన్ కూడా 1889లో తన నవలలో ఇదే ఎత్తు వాడుకున్నాడు. తెల్లవాడి చేతిలో పంచాంగం, ఎదురుగా నోరు తెరిచిన అడవి మనిషి. చిన్నప్పుడు ఆ పాఠం చదివి మేమూ నవ్వాం. ఆ బొమ్మలో నోరు తెరిచి నిలబడ్డది మనమేనని తరగతిలో ఎవరూ చెప్పలేదు.

తిరగబడ్డ కథ కూడా ఒకటి ఉంది, అది పాఠాల్లోకి రాలేదు. 1806లో అమెరికాలో షానీ జాతికి చెందిన టెన్‌స్క్వాతావా అనే ప్రవక్త ఉండేవాడు. టెకమ్సే తమ్ముడు. ఇండియానా గవర్నర్ హారిసన్, వాడు నిజంగా ప్రవక్త అయితే సూర్యుణ్ణి నిలబెట్టమనండి చూద్దాం అని చుట్టుపక్కల జాతులకు ఎగతాళిగా కబురు పంపాడు. ఆయన సరే అన్నాడు. సూర్యుడు చీకటి పడే రోజు చెప్పాడు. జూన్ 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆయనకు ముందుగా ఎట్లా తెలిసిందన్న దాని మీద వాదనలున్నాయి. తెలిసిందన్నది మాత్రం ఖాయం. ఇంకాస్త దక్షిణానికి పోతే మాయా ప్రజలు గ్రహణాలు వచ్చే అవకాశమున్న రోజులను పట్టికలుగా కట్టుకున్నారు. డ్రెస్డెన్ నగరంలో ఉన్న వాళ్ళ పుస్తకంలో ఆ పుటలు ఇప్పటికీ ఉన్నాయి.

మన దేశంలో 499లోనే ఆర్యభటుడు గ్రహణం నీడల సంగతని రాశాడు. అది పుస్తకం. పుస్తకం లేని లెక్క కూడా ఉంది. జాన్ వారెన్ అనే ఆయన 'కాలసంకలిత' అని 1825లో మద్రాసులో ఒక గ్రంథం వేశాడు. పుదుచ్చేరి ప్రాంతంలో పంచాంగం కట్టే తమిళుడు ఒకాయన ఎదుట కూర్చుని, నేల మీద గవ్వలు పేర్చుకుంటూ, కంఠతా పట్టిన పట్టికలతో, కాగితం ముట్టకుండా ఆ ఏటి చంద్రగ్రహణాన్ని లెక్కకట్టి చూపించాడని అందులో ఉంది. తేడా గంట లోపే. రాయనివాడికి తెలియదు అనుకునేవాళ్ళకు ఈ గవ్వల కథ చెప్పండి.

మనవాళ్ళు గ్రహణాల వేళలు లెక్కకట్టారని మేము అనడం లేదు. లేని గొప్ప చెప్పుకుంటే ఉన్నదాని మీద కూడా నమ్మకం పోతుంది. కానీ ఆకాశం తెలియనివాళ్ళు కాదు. కేస్లాపూర్ నాగోబా పూజ పుష్య అమావాస్య రాత్రి. ఏ క్యాలెండర్ రాకముందు నుంచీ మెస్రం వంశం అది తప్పకుండా చేస్తోంది. గుస్సాడి దీపావళి అమావాస్య చుట్టూ ఆడుతుంది. తెలుగులో నెల అంటే చంద్రుడూ నెలా రెండూ, గోండీలో నెలెంజ్ కూడా అంతే. మయాంక్ వాహియా, గణేష్ హల్కారే అనే పరిశోధకులు గోండు గ్రామాలు తిరిగి, మనవాళ్ళకు తెలిసిన చుక్కల సంగతులు రాసుకుని 2013లో ఒక వ్యాసంగా వేశారు. చదువుతుంటే అవ్వ పక్కన పడుకుని విన్నవే. నాలుగు చుక్కలు మంచం కోళ్ళు, పక్కన మూడు చుక్కలు. పుస్తకాలు వాటిని సప్తర్షులంటాయి. మాకు చిన్నప్పుడు అది ముసలమ్మ మంచం, ఎత్తుకుపోతున్నది దొంగలు. మంచం కూడా జప్తు చేసుకుపోతున్నారేమో అని మాలో ఒకడు ఆ రాత్రి జోకేశాడు.

రెండుంబావుకు ఎవరో భుజం తట్టి లేపారు. తాతే. మాట్లాడకుండా పైకి చూపించాడు.

మబ్బులో బావి నోరంత సందు. అందులో చంద్రుడు. మేము అనుకున్నట్టు నల్లగా లేడు. పొయ్యిలోంచి తీసిన కుండపెంకులా, అడుగున కాస్త మసి, పైన రాగి రంగు. గుండ్రంగా, ఉబ్బెత్తుగా, చేత్తో పట్టుకోవచ్చు అన్నట్టున్నాడు. పున్నమి నాడు కనిపించని చుక్కలన్నీ చుట్టూ కనిపించాయి. కొంచెం కింద ఇంకో ఎర్రటి చుక్క, దేనికంటే దానికి పెద్దది. అది అంగారకుడు. సరిగ్గా ఆ రోజే అది భూమికి సూర్యుడి ఎదురుదిక్కున నిలిచింది. ఎరుపు ఎక్కడిదో అన్న తరువాత చెప్పాడు. భూమి చుట్టూ ఉన్న గాలిపొర గుండా వంగి పోయిన వెలుగు మాత్రమే ఆ నీడలోకి చేరుతుంది. ఆ క్షణంలో భూమి అంచు మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ పొద్దు గూకుతోందో, ఆ ఎరుపంతా కలిసి పోయి చంద్రుడి మీద పడుతుంది. అప్పుడు మాత్రం ఎవరమూ మాట్లాడలేదు. బైనాక్యులర్ ఒకరి చేతి నుంచి ఒకరికి పోయింది. పదకొండో మనిషికి చేరేసరికి మబ్బు మూసుకుంది. వాడు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి తిడతాడు.

లెక్కపెడితే ఏడెనిమిది నిమిషాలు. 103 నిమిషాల్లో మాకు దక్కింది అంతే. 3 గంటల 49 నిమిషాలు మబ్బు వెనకే గడిచిపోయాయి. తెల్లారేదాకా కూర్చుని, తడిసిన గొంగళ్ళు భుజాన వేసుకుని దిగాం. ఊళ్ళోకి వస్తుంటే మొదటి ఇంటి వాకిట్లో చేట ఉంది. అందులో గుప్పెడు జొన్నలు, పైన వాన నీళ్ళు. ఆ ఇంటి అవ్వ పశువుల్ని విప్పుతోంది. విడిచిండా అని అడిగింది. మబ్బులో కనబడలేదు అవ్వా, కానీ టైముకు విడిచే ఉంటాడు అన్నాం. ఆమె పైకి చూసి, చేటలో నీళ్ళు వంచి, కోళ్ళను పిలిచింది. ఈసారి మేము నవ్వలేదు.

ఆ తరువాత మాలో ఇద్దరికి తేదీల పిచ్చి పట్టింది. దాని ఫలితం ఒకటి చెప్పాలి, ఈ సంచిక వెలువడే రోజుకు సంబంధించింది కాబట్టి.

కుమ్రం భీం అమరుడైన తేదీ పుస్తకాల్లో ఒకటే ఉండదు. ఎక్కువగా అచ్చయ్యేది 1940 అక్టోబరు 27. జోడేఘాట్‌లో మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడే వర్ధంతి జరుపుతారు. ఆ రోజు నెలెంజ్ నిండుగా ఉండాలన్నది ఊరి జ్ఞాపకం. రెండూ పొసగుతాయా అని లెక్క వేశాం. పున్నమి నుంచి పున్నమికి సగటున 29.53 రోజులు, ఇంకా వివరంగా 29.530588. గ్రహణం పున్నమి క్షణానికే పడుతుంది కాబట్టి మా నోటుబుక్కులో ఉన్న 2018 జులై 28 తెల్లవారుజామునే మేకుగా కొట్టాం. అక్కడి నుంచి 962 పున్నములు వెనక్కి, అంటే 28,408 రోజులు, పైన పది గంటలు. చేరేది 1940 అక్టోబరు 16 మధ్యాహ్నానికి. ఆ ఏడు దీపావళి అమావాస్య అక్టోబరు నెలాఖరున వచ్చింది, కాబట్టి ఇది ఆశ్వయుజ పున్నమే. అక్టోబరు 27 నాటికి చంద్రుడు సన్నగా అరిగిపోయి, తెల్లవారుజామున గానీ పైకి రాడు.

కాబట్టి రెండింట్లో ఏదో ఒకటే నిజం కావాలి. పున్నమి నిజమైతే ఇంగ్లీషు తేదీ అక్టోబరు 16. ఇదే తేలిపోయిందని మేము అనం. పోలీసు కాగితాలు, అప్పటి ఉర్దూ నివేదికలు చదివి తేల్చాల్సినవాళ్ళు మీలోంచి రావాలి. కానీ శాసనాల తేదీలు గ్రహణాలతో సరిచూసే పద్ధతి రాజులకు మాత్రమే ఎందుకు? పన్నెండు ఊళ్ళ కోసం నిలబడ్డ మనిషి తేదీకి కూడా పనికొస్తుంది. మేము వాడింది ఫోన్‌లోని క్యాలిక్యులేటర్.

రాసుకునే సౌకర్యం కూడా ఇప్పుడుంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండీ, 2018 జూన్‌లో యూనికోడ్‌లో చేరింది. మేము గుట్ట ఎక్కడానికి నెల ముందే. ఆ ప్రతుల్లో వారాల పేర్లు, నెలల పేర్లు కూడా ఉన్నాయి. మా నోటుబుక్కులో తాత చెప్పిన కథ తెలుగు అక్షరాల్లో ఉంది. గుంజాల అక్షరాల్లోకి ఎత్తిరాసే పని మాలో ఒక చెల్లె తీసుకుంది, సగం అయింది. తాత పోయి నాలుగేళ్ళయింది. అప్పిచ్చినవాడి పేరు ఆయన చెప్పాడా, చెప్పలేదా అన్న దాని మీద మాలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. రాసుకోలేదు. మీ ఇళ్ళలో ఈ కథ ఇంకో రకంగా చెప్పేవాళ్ళు ఉంటే, ఫోన్‌లో రికార్డు చేసి మాకు పంపండి. చెప్పేవాళ్ళ పేరు, ఊరి పేరు వాళ్ళనే అడిగి, వాళ్ళు సరేనంటేనే రాయండి.

2025 సెప్టెంబరు 7 రాత్రి మళ్ళీ సంపూర్ణ గ్రహణం వచ్చింది. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా, అర్ధరాత్రి వేళ. అప్పటికి మాలో సగం మంది హైదరాబాద్ హాస్టళ్ళలో, కిరాయి గదుల డాబాల మీద ఉన్నారు. ఫొటోలు పంపుకున్నాం, కలిసి చూడలేదు.

2028 డిసెంబరు 31 రాత్రి ఇంకొకటి ఉంది, కొత్త సంవత్సరం గోలలో ఎవరు పైకి చూస్తారో తెలియదు. మేము కాచుకున్నది దాని తరువాతది: 2029 డిసెంబరు 21 తెల్లవారుజామున. 2 గంటల 25 నిమిషాల ప్రాంతంలో నీడ తాకుతుంది, పావు తక్కువ నాలుగుకు చంద్రుడు పూర్తిగా మునుగుతాడు, సుమారు 54 నిమిషాలు ఎర్రగా ఉంటాడు, పొద్దు పొడవకముందే విడుస్తాడు. డిసెంబరులో మబ్బు భయం తక్కువ, చలి భయం ఎక్కువ. ఆదిలాబాద్ చలి తెలుసు కదా. గుట్ట అదే, గొంగళ్ళు పదకొండుకు పైనే కావాలి. బైనాక్యులర్ ఈసారి సొంతది కొనాలని చందా మొదలుపెట్టాం, మొదట చూసే వంతు ఎవరిదో అందరికీ తెలుసు. చేట, జొన్నలు అవ్వ ఇస్తానంది.